ఏరివేతలో రాలిపోతున్నది ఎవరు?

పేద విద్యార్థుల కాలేజీ ఫీజును ప్రభుత్వమే కట్టే ఫీజు రీయింబర్స్‌మెంట్ పథకం మాట ఎత్తితే చాలు, ఒక వాదన ఎదురొస్తుంది. టీవీ చర్చల్లో వింటాం, సంపాదకీయాల్లో చదువుతాం, సమీక్ష సమావేశాల్లో అధికారులూ అదే అంటారు. పథకం మంచిదే, కానీ అనర్హులు చొరబడ్డారు. దొంగ ఆదాయ పత్రాలు పెట్టి ఉన్నవాళ్లు లేనివాళ్ల సొమ్ము తింటున్నారు. కాబట్టి నిబంధనలు బిగించాలి, వేలిముద్రలు తీసుకోవాలి, ప్రతి ఇంటి వివరాలూ ఆధార్‌తో సరిపోల్చాలి. అలా అనర్హులను ఏరేస్తే మిగిలిన డబ్బు నిజమైన పేద పిల్లలకు సకాలంలో అందుతుంది.

ఈ మాటను కాదనేవాళ్లు తక్కువ. పేదల పేరు చెప్పి మాట్లాడుతున్నారు కదా, ఎలా కాదంటాం అనుకుంటారు. నేను కాదంటున్నాను. ఏరివేత పేరుతో బిగించిన ప్రతి నిబంధనా ముందుగా తగిలింది పేద ఇంటికే. అనర్హులను తీసేయడం ఒక పని, డబ్బు సకాలంలో ఇవ్వడం మరో పని. మొదటిది చేస్తే రెండోది దానంతట అదే జరుగుతుందన్న నమ్మకానికి మన అనుభవంలో ఆధారం లేదు. నిబంధనలు ఏడాదికేడాది పెరిగాయి, బకాయిలూ వాటితో పాటే పెరిగాయి.

దీన్ని మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు నుంచి చూడమంటాను. చిత్తూరు జిల్లా పడమటి మండలాలని పెద్దవాళ్లు ఇప్పటికీ పిలిచే ప్రాంతం ఇది. బోరు కింద టమాటా, నాలుగు పాడి ఆవులు, పట్టుపురుగులు, నీరుగట్టువారిపల్లె మగ్గాలు, పని దొరక్కపోతే బెంగళూరు. ఇక్కడి కుర్రాడికి ఇంజనీరింగో, నర్సింగో, డిగ్రీనో అందిందంటే అందులో ఫీజు రీయింబర్స్‌మెంట్ పాలు చాలా ఉంది. ఈ పథకం రాత మార్చిన పెద్దలకు కూడా ఈ నేల కొత్తది కాదు. ర్యాంకు 10,000 దాటిన బీసీ, ఈబీసీ ఇంజనీరింగ్ విద్యార్థులకు 35,000 రూపాయలకు మించి ఇవ్వబోమని 2012-13లో పరిమితి పెట్టింది కిరణ్‌కుమార్ రెడ్డి ప్రభుత్వం. ఆయన అప్పట్లో పక్కనున్న పీలేరు ఎమ్మెల్యే. 2022 నవంబరు 30న అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి మదనపల్లెలోనే సభ పెట్టి, ఈ పథకానికి అప్పుడున్న పేరైన విద్యా దీవెన కింద 11 లక్షల మంది విద్యార్థుల కోసం 694 కోట్లు విడుదల చేశారు. ఆ మరుసటి జనవరి 27న నారా లోకేశ్ యువగళం పాదయాత్ర మొదలుపెట్టింది కుప్పంలో. అదే కుప్పం 1989 నుంచి చంద్రబాబు నాయుడు గెలుస్తున్న నియోజకవర్గం. ఇంతమంది పెద్దల అడుగులు పడిన చోటే పిల్లలు సర్టిఫికెట్ల కోసం కాలేజీ ఆఫీసు ముందు నిలబడుతున్నారంటే, లోపం పేదల నిజాయితీలో ఉందని చెప్పడం అన్యాయం.

పథకం చరిత్రను ఒక్క చూపులో చూద్దాం. ఎస్సీ విద్యార్థులకు పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944 నుంచీ ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో రాజశేఖర రెడ్డి హయాంలో బీసీలకూ, అగ్రవర్ణ పేదలకూ పూర్తి ఫీజు చెల్లించే పద్ధతి వచ్చింది. తర్వాత 35,000 పరిమితి. 2019 నవంబరులో జీవో 115తో మళ్లీ పూర్తి ఫీజు, దానితో పాటు కొత్త అర్హతల పట్టిక: కుటుంబ వార్షికాదాయం రెండున్నర లక్షలు దాటకూడదు, మాగాణి పదెకరాలు, మెట్ట ఇరవై ఐదెకరాలు మించకూడదు, ఇంట్లో ప్రభుత్వోద్యోగి ఉండకూడదు, ఆదాయపు పన్ను కట్టేవారు ఉండకూడదు, టాక్సీ, ఆటో, ట్రాక్టరు తప్ప నాలుగు చక్రాల బండి ఉండకూడదు. పారిశుద్ధ్య కార్మికులకు మినహాయింపు ఇచ్చారు, అది మంచి పని. 2020 డిసెంబరులో జీవో 77 వచ్చి ప్రైవేటు కాలేజీల్లో పీజీ చదివేవారిని పథకం నుంచి తీసేసింది. 2021లో డబ్బు తల్లి ఖాతాకు, ఆ తర్వాత తల్లీబిడ్డల ఉమ్మడి ఖాతాకు, 2024లో ప్రభుత్వం మారాక నేరుగా కాలేజీ ఖాతాకు. ఒక కుర్రాడు ఇంటర్‌లో చేరి బీటెక్ ముగించేలోపు ఇన్ని మార్పులు.

జీవో 115 పట్టిక చదివితే ఎవరికీ అభ్యంతరం కనిపించదు. కారున్నవాడికి, పదెకరాల మాగాణి ఉన్నవాడికి ప్రభుత్వ డబ్బెందుకు? అభ్యంతరం అర్హతలతో కాదు. వాటిని తేల్చే తీరుతో.

పుంగనూరు పక్క పల్లెలో ఒక ఇల్లు అనుకోండి. తండ్రికి కొద్దిపాటి మెట్ట. పట్టా మాత్రం ఇంకా తాత పేరు మీదే ఉంది, అందులో నలుగురు అన్నదమ్ముల వాటా కలిసి ఉంది. పెద్దకొడుకు బెంగళూరులో కాంట్రాక్టు పని. కంపెనీ జీతంలో కోసుకున్న టీడీఎస్ వెనక్కి రావడానికో, బండి లోను కోసమో రిటర్ను దాఖలు చేశాడు. పన్ను ఒక్క రూపాయి కట్టలేదు. ఎప్పుడో పాలు తోలడానికి కొన్న పాత వ్యాను అమ్మేశారు, కొన్నవాడు ఆర్సీ తన పేరుకు మార్చుకోలేదు. ఇంట్లో చిన్నపిల్ల మదనపల్లెలో డిగ్రీ చదువుతోంది. కంప్యూటర్‌కు ఈ ఇల్లు ఎలా కనిపిస్తుంది? భూస్వామి ఇల్లు, ఆదాయపు పన్ను రిటర్ను వేసిన ఇల్లు, నాలుగు చక్రాల బండి ఉన్న ఇల్లు. ఆ పిల్ల పేరు పక్కన అనర్హురాలు అని పడుతుంది. ఎందుకు పడిందో చెప్పాల్సిన బాధ్యత ఎవరికీ ఉండదు. తండ్రి సచివాలయానికి వెళ్తే వెల్ఫేర్ అసిస్టెంట్ పై ఆఫీసు అంటాడు. భూమి సంగతి వీఆర్వోను అడగాలి, ఆయన ఆర్‌ఐ అంటాడు, ఆర్‌ఐ తహసీల్దారు సంతకం అంటాడు. బండి సంగతికి ఆర్టీవో ఆఫీసు, రిటర్ను సంగతికి ఆడిటరు. ఒక్కో ఆఫీసుకు ఒక్కో పూట కూలి పోతుంది. అభ్యంతరం పెట్టుకునే గడువు దాటితే ఆ ఏడాదికి అంతే.

ఇదే నిబంధన ఉన్నవాళ్ల ఇంటికి వెళ్లినప్పుడు ఏం జరుగుతుంది? కారు బావమరిది పేరు మీద ఉంటుంది. భూమి ముగ్గురి పేర్ల మీద చీలి ఉంటుంది. వ్యాపారం లెక్కల్లో నష్టమే ఉంటుంది. కాగితాలు సర్దుకోవడానికి వాళ్లకు ఆడిటరున్నాడు, లాయరున్నాడు, తెలిసిన అధికారి ఉన్నాడు. కాగితం సర్దుకోలేనివాడు పేదవాడొక్కడే. ఏరివేతకు వాడే జల్లెడ ఇలా తయారయ్యాక గింజలే కింద పడతాయి, పొల్లు పైనే ఉంటుంది.

ఈ రికార్డులను ఇంతగా నమ్మమని ఎవరంటారు? 2024 జులై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో మంటలు లేచి భూముల ఫైళ్లు కాలిపోయాయి. రాష్ట్రమంతా దాని గురించి మాట్లాడుకుంది, దర్యాప్తులు మొదలయ్యాయి. దోషులెవరన్నది చట్టం తేలుస్తుంది. నేనడిగేది ఒక్కటే. తన ఆఫీసులో ఫైలును తానే కాపాడుకోలేని యంత్రాంగం, తన రికార్డులో తప్పుంటే ఆ తప్పును నిరూపించే పని పద్దెనిమిదేళ్ల పిల్ల మీద పెట్టవచ్చా?

ఇక ఆదాయ పరిమితి. ఏడాదికి రెండున్నర లక్షలంటే నెలకు ఇరవై వేల ఎనిమిది వందలు. భార్యాభర్తలిద్దరూ కూలికి వెళ్లి, కొడుకు పదిహేను వేల జీతానికి చేరితే ఆ ఇల్లు గీత దాటిపోతుంది. బీసీల రిజర్వేషన్‌కు క్రీమీలేయర్ హద్దు 2017 నుంచి ఎనిమిది లక్షలు. ఎనిమిది లక్షల దాకా వెనకబడినవాడే అని ఒక నిబంధన ఒప్పుకుంటుంది, రెండు లక్షల యాభై ఒక్క వేలకు నువ్వు ఉన్నవాడివే అని ఒక జీవో తేలుస్తుంది. అందులో దశలు కూడా లేవు. గీతకు వెయ్యి రూపాయలు ఇవతలుంటే పూర్తి ఫీజు, వెయ్యి అవతలుంటే సున్నా.

టమాటా రైతును అడగండి ఏడాది ఆదాయం ఎంతో. 2023 జులైలో మదనపల్లె మార్కెట్‌లో కిలో నూటయాభై దాటింది. ఆ నెలలో కాయ చేతికొచ్చిన రైతు ఇంట్లో లక్షలు కనిపించాయి, టీవీలు కోటీశ్వరులని చూపించాయి. అదే రైతు ఇంకో సీజనులో కోతకూలి కూడా రాక పంటను చేలోనే వదిలేస్తాడు, బాక్సులు రోడ్డు పక్కన పారబోస్తాడు. ఏ ఏడాది ఆదాయం చూసి అతని కూతురి నాలుగేళ్ల చదువు నిర్ణయిస్తారు? మూడేళ్ల సగటు చూడాలని ఎవరూ ఎందుకు అనరు? జీతగాడి ఇంటికి కొలిచిన చొక్కా మెట్ట రైతుకు తొడుగుతున్నారు.

తల్లి ఖాతా సంగతికి వస్తాను. డబ్బు తల్లి చేతికిస్తే కాలేజీని నిలదీసే హక్కు ఆమెకు వస్తుందన్నారు. ఆ మాటలో గౌరవముంది, కాదనను. కానీ కుప్పం వైపు చూడండి. తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరు పనులకు వెళ్లి రాత్రికి తిరిగొచ్చే జనం అక్కడ వేలల్లో ఉన్నారు. కుటుంబంతో సహా వెళ్లి అక్కడే ఉండిపోయినవాళ్లూ ఉన్నారు. అలాంటి తల్లి సొంతూరి సచివాలయానికొచ్చి వేలిముద్ర వేయాల్సి వచ్చేది. ఇటుకలు మోసి, అంట్లు తోమి అరిగిన వేలు యంత్రానికి ఆనేది కాదు. రేపు రామ్మనేవారు. రేపంటే మళ్లీ ఒక రోజు కూలి, మళ్లీ ఒక టికెట్టు. ఆధార్‌కు జతపడిన ఖాతా ఒకటి, ఆమె వాడే ఖాతా మరొకటి అయితే డబ్బు ఎక్కడ పడిందో తెలిసేది కాదు. ఇంట్లో ఎవరికో జబ్బు చేసి ఆ డబ్బు ఆసుపత్రికి పోతే, కాలేజీ లెక్కలో ఆ పిల్ల బాకీదారు అయ్యేది. 2021 సెప్టెంబరులో హైకోర్టు ఈ పద్ధతిని తప్పుపట్టి కాలేజీకే చెల్లించమంది, అయినా ప్రభుత్వం తన పట్టు వదల్లేదు.

ఇప్పుడు నేరుగా కాలేజీ ఖాతాకే అంటున్నారు. ఇదీ సరైనదే, కానీ ఆలస్యం అలాగే ఉంటే ఇందులోనూ నలిగేది విద్యార్థే. ప్రభుత్వం నుంచి డబ్బు రానప్పుడు కాలేజీ ఏం చేస్తుందో పడమటి మండలాల్లో ప్రతి ఇంటికీ తెలుసు. "ముందు కట్టుప్పా, గవర్నమెంటు వేసినాక తిరిగిచ్చేస్తాం" అంటారు. పరీక్ష ముందు హాల్‌టికెట్ ఆపుతారు. చదువు ముగిశాక టీసీ, మార్కుల జాబితాలు బీరువాలో పెట్టుకుంటారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018 అక్టోబరులోనే ఆదేశించింది. ఆ ఆదేశం చదివి వినిపించే ధైర్యం ఏ తండ్రికి ఉంటుంది? అప్పు చేస్తాడు, నూటికి మూడు రూపాయల వడ్డీ. తర్వాత ఎప్పుడో ప్రభుత్వం ఇచ్చే ఫీజులో ఆ వడ్డీ ఉండదు. వడ్డీ మాటే ఏ జీవోలోనూ లేదు.

ఎస్సీ విద్యార్థుల విషయం ఇంకా చిక్కు. కేంద్ర మంత్రివర్గం 2020 డిసెంబరులో పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్‌ను మార్చి, కేంద్రం వాటా 60, రాష్ట్రం వాటా 40 అని తేల్చింది. ఐదేళ్లకు మొత్తం 59,048 కోట్లు, అందులో కేంద్రానివి 35,534 కోట్లు. కేంద్రం తన వాటాను నేరుగా విద్యార్థి ఖాతాకు పంపుతుంది, అదీ రాష్ట్రం తన వాటా వేశాకే. ఒకే ఫీజు రెండు దారుల్లో రావాలి. రాష్ట్రం ఆలస్యం చేస్తే రెండో దారీ మూసుకుపోతుంది. అర్హతలో ఏ లోపం లేని పిల్లవాడు కూడా ఇక్కడ ఆగిపోతాడు. ఏరివేత వాదన చేసేవాళ్లు దీనికి ఏం చెబుతారు? ఇందులో అనర్హుడెవరు?

వాళ్ల మాటలో నిజముందని ఒప్పుకోవాల్సిన చోట ఒప్పుకుంటాను. తక్కువ ఆదాయం రాయించుకున్న పత్రాలు ఉన్నాయి. పథకాన్నే నమ్ముకుని పుట్టిన కాలేజీలున్నాయి, తరగతిలో లేని పిల్లలను హాజరు పట్టీలో చూపినవీ ఉన్నాయి. అయితే ఆ తప్పు ఎక్కడ పట్టుబడాలి? తప్పుడు పత్రం మీద సంతకం ప్రభుత్వోద్యోగిది. లేని విద్యార్థిని చూపింది యాజమాన్యం. తనిఖీ వాళ్ల మీద పెట్టడం కష్టం గనుక ప్రతి విద్యార్థి వేలిముద్రా అడుగుతున్నారు. నూరు కాలేజీలను గట్టిగా తనిఖీ చేస్తే తేలే దాన్ని పది లక్షల కుటుంబాల చేత నిరూపించుకోమంటున్నారు. దీన్ని పారదర్శకత అనడం నాకు ఒప్పుదల కాదు.

పెద్ద దేశాల్లోనూ ఇవే నిబంధనలుంటాయి కదా అని ఇంకొందరు అమెరికాను చూపిస్తారు. మన పిల్లలు ఎక్కువగా వెళ్లే దేశం కాబట్టి దాని మాటా చూద్దాం. అక్కడ కాలేజీ సాయానికి ఫాఫ్సా అనే దరఖాస్తు ఉంది. వంద పైచిలుకు ప్రశ్నలుండేవి. ఆ పొడవే పేద పిల్లలను దూరం చేస్తోందని ఏళ్ల తరబడి వాదించాక, 2020 డిసెంబరులో చట్టం చేసి ప్రశ్నలు బాగా తగ్గించారు. ఆదాయం వివరాలు కుటుంబాన్ని అడగకుండా పన్నుల శాఖ దగ్గరి నుంచే నేరుగా తెచ్చుకునే ఏర్పాటు చేశారు. సాయం ఒక గీత దగ్గర తెగిపోదు, ఆదాయం పెరిగేకొద్దీ పెల్ గ్రాంటు అనే ఆ సాయం కొంచెం కొంచెంగా తగ్గుతుంది. ఇవి మనం తీసుకోదగ్గవి. వాళ్లు చేసిన తప్పు కూడా చూడాలి. అక్టోబరు 1న తెరవాల్సిన కొత్త దరఖాస్తును 2023 డిసెంబరు 30న తెరిచారు. తల్లిదండ్రులకు సోషల్ సెక్యూరిటీ నంబరు లేని పిల్లలు వారాల తరబడి దాన్ని పూర్తి చేయలేకపోయారు. ఇంట్లో ఇద్దరు ఒకేసారి చదువుతుంటే దొరికే వెసులుబాటు కొత్త లెక్కలో పోయింది. అంత డబ్బు, అంత సాంకేతికత ఉన్న దేశంలో గడువు తప్పితే దెబ్బ తగిలింది కాగితాలు సరిగా లేని వలస కుటుంబాల పిల్లలకే. కుప్పం రైలెక్కే తల్లికీ వాళ్లకూ తేడా లేదు.

చివరికి మిగిలే వాదన అప్పు. రీయింబర్స్‌మెంట్ ఎందుకు, బ్యాంకు రుణం తీసుకుని చదువుకోవచ్చుగా అంటారు. కేంద్రం 2024 నవంబరులో పీఎం విద్యాలక్ష్మి తెచ్చింది, ఎనిమిది లక్షల ఆదాయం దాకా పది లక్షల రుణం మీద మూడు శాతం వడ్డీ రాయితీ ఇస్తుంది. అది నాణ్యత జాబితాలో చోటు దక్కిన సంస్థలకు వర్తిస్తుంది, మొదలుపెట్టినప్పుడు దేశం మొత్తం మీద అవి 860. ఊరికి దగ్గర్లో ఉన్న మామూలు డిగ్రీ కాలేజీలో చేరిన పిల్లకు ఆ జాబితా అందదు. పీజీ చదువుదామంటే జీవో 77 అడ్డొచ్చింది. దాన్ని రద్దు చేస్తామని పాదయాత్రలో లోకేశ్ విద్యార్థులకు మాటిచ్చారు. 1915లో అనీబిసెంట్ కాలేజీ పెట్టిన మదనపల్లెలో, 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం వెలిసిన కుప్పంలో, డిగ్రీతో చదువు ఆపేసిన అమ్మాయిలకు ఆ మాట గుర్తుంది.

కావలసినవి పెద్ద కోరికలేమీ కావు. అర్హత ఒకసారి, కోర్సులో చేరినప్పుడు తేల్చాలి. అది కోర్సు ముగిసే దాకా చెల్లాలి. ప్రభుత్వం దగ్గరున్న వివరాలను ప్రభుత్వమే చూసుకోవాలి, అందులో పొరపాటు కనిపిస్తే అది తేలేదాకా విద్యార్థిని అర్హుడిగానే ఉంచాలి. అనర్హుడన్నప్పుడు ఏ రికార్డులో ఏ కారణంతో అన్నారో రాసివ్వాలి. రెండున్నర లక్షల గీత దగ్గర ఒక్కసారిగా తెంచకుండా ఎనిమిది లక్షల దాకా దశలవారీగా తగ్గించాలి. ప్రభుత్వం బాకీ ఉన్న ఫీజుకు విద్యార్థి హాల్‌టికెట్ గానీ సర్టిఫికెట్ గానీ ఆపిన కాలేజీ మీద చర్య ఉండాలి, ఆ చర్య కోసం విద్యార్థి పేరు బయటపెట్టాల్సిన పని ఉండకూడదు.

డబ్బెక్కడిదని అడుగుతారు. ఆ ప్రశ్న ఎవరినడగాలో బకాయిలే చెబుతున్నాయి. వైఎస్సార్‌సీపీ ప్రభుత్వం వేల కోట్లు బాకీ పెట్టిపోయిందని ఇప్పటి ప్రభుత్వం అంటుంది. ఇప్పటి ప్రభుత్వం వేల కోట్లు బాకీ పడిందని 2025 మార్చి 12న వైఎస్సార్‌సీపీ యువత పోరు పేరుతో రోడ్డెక్కింది. పక్క రాష్ట్రం తెలంగాణలో అదే ఏడాది నవంబరులో బకాయిల కోసం ప్రైవేటు కాలేజీలు బంద్ పెట్టాయి. ఇక్కడ రెండు పక్షాలూ చెప్పేది కలిపితే తేలేది ఇదే: ఈ బాకీ ఏ అనర్హుడి వల్లా పుట్టలేదు, అర్హులని తానే తేల్చిన పిల్లలకు ప్రభుత్వం చెల్లించకపోవడం వల్ల పుట్టింది. దరఖాస్తుకు చివరి తేదీ ఉంటుంది, వేలిముద్రకు చివరి తేదీ ఉంటుంది, అభ్యంతరానికి చివరి తేదీ ఉంటుంది. దాటితే విద్యార్థి నష్టపోతాడు. చెల్లింపుకూ ఒక చివరి తేదీ జీవోలో రాయండి. సెమిస్టర్ పరీక్ష ఫీజు కట్టే రోజుకు ముందు. ఆ తేదీ దాటితే రోజుకింత వడ్డీతో ఖజానా నుంచి కట్టండి, అప్పు చేసిన తండ్రికి ఆ వడ్డీ చేరేలా చూడండి.